మూడు పేజీల్లో ఒక సముద్రం

ఈ ఏడాది ఎక్కువసార్లు తిరగేసిన రచన ఏది అని ఎవరైనా అడిగితే ఏదో ఒక నవల పేరు చెప్పి పరువు కాపాడుకోవాలనే ఉంటుంది. నిజం మాత్రం వేరు. నేను పదే పదే చదివింది 1973 జనవరిలో ‘నేచర్’ పత్రికలో వచ్చిన మూడు పేజీల సైన్సు పేపర్. రాసినవాళ్ళు జేమ్స్ లవ్‌లాక్, ఆయనతో పాటు ఇంకో ఇద్దరు. అట్లాంటిక్ నీళ్ళలోనూ, ఆ నీళ్ళ మీది గాలిలోనూ హాలోజన్లు కలిసిన కార్బన్ పదార్థాలు ఏవేవి ఉన్నాయి, ఎంతెంత ఉన్నాయి అన్నది విషయం. ఒక్క అలంకారం లేదు. కవిత్వం చేద్దామన్న సరదా అసలే లేదు. అయినా ఒక మంచి కథలో ఉండే ఇబ్బంది అంతా ఇందులో ఉంది. రచయితకి తెలియకుండానే రచన రెండు దారుల్లో నడిచింది. ఒక దారి ప్రపంచ ప్రసిద్ధమైంది. రెండోదాన్ని చాలాకాలం ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

దీని దగ్గరికి నేను వచ్చిన తోవ కొంచెం సిగ్గుచేటుది. పదేళ్ళ క్రితం పిల్లల పత్రికలో ఓజోన్ మీద ఒక వ్యాసం రాశాను. మనందరికీ కంఠతా వచ్చిన వ్యాసమే: భూమికో గొడుగు, గొడుగుకో చిల్లు, చిల్లు పెట్టిన రాక్షసుడు క్లోరిన్. దాన్ని ఇప్పుడు పుస్తకంలో వేస్తామని అడిగితే, ప్రూఫులు పట్టుకుని విశాఖపట్నంలో అక్కావాళ్ళింటికి వెళ్ళాను. అక్క కూతురు ఇంటర్ ఎంపీసీ. సాయంత్రం బీచ్ రోడ్డులో మొక్కజొన్న పొత్తు కొరుకుతూ అడిగింది. “పిన్నీ, ఫ్రిజ్‌లోంచి కారిన క్లోరిన్ ఓజోన్‌ని తినేస్తుందని రాశావు, బానే ఉంది. ఇక్కడ సముద్రం మొత్తం ఉప్పే కదా. ఉప్పంటే సోడియం క్లోరైడ్. ఈ క్లోరిన్ ఏమీ చెయ్యదా?”

“చెయ్యదు, వానకి కడుక్కుపోతుంది” అన్నాను, టీచర్ గొంతుతో. సగం నిజమే అది. సముద్రపు తుంపరతో లేచిన ఉప్పు నీళ్ళలో కరుగుతుంది, వానతో కిందికి దిగిపోతుంది, పదిహేను ఇరవై కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఓజోన్ పొర దాకా వెళ్ళదు. కానీ ఆ పిల్ల అడిగింది పైన ఏం చేస్తుందని కాదు. ఏమీ చెయ్యదా అని. ఇంటికొచ్చి వెతకడం మొదలెడితే, హాలోజన్లు కింద కూడా, మన ముక్కుల ఎత్తులో, చాలానే చేస్తాయని తెలిసింది. నా వ్యాసంలో ఆ కింది అంతస్తే లేదు. ఆ వెతుకులాటలో ఒక్కో పేపర్ వెనక్కి, ఇంకా వెనక్కి వెళ్తే చివరికి తేలింది ఈ 1973 పేపర్ దగ్గర.

ముందు శీర్షిక చూడండి. అట్లాంటిక్ ‘లోపల, పైన’ అని రెండు మాటలు వాడాడు. నీరు, గాలి విడివిడి సబ్జెక్టులుగా ఉన్న కాలంలో ఒకే ఓడ మీద రెండింటినీ కొలిచాడు. ‘షాకల్టన్’ అనే పరిశోధక నౌక 1971 చివర్లో బ్రిటన్ నుంచి అంటార్కిటికా వైపు బయల్దేరింది, మరుసటి ఏడాది తిరిగి వచ్చింది. ఆ ప్రయాణంలో తోడుగా వెళ్ళింది లవ్‌లాక్ సొంతంగా కట్టుకున్న పరికరం. దాని గుండెకాయ 1957లో ఆయనే కనిపెట్టిన ఎలక్ట్రాన్ కాప్చర్ డిటెక్టర్. హాలోజన్ ఉన్న అణువు లక్ష కోట్లలో ఒకటి ఉన్నా పసిగట్టే పనిముట్టు అది. అప్పట్లో ఫ్రిజ్‌లలో, స్ప్రే డబ్బాల్లో వాడిన సీఎఫ్‌సీ-11 ఓడ వెళ్ళిన ప్రతిచోటా కనబడింది. లక్ష కోట్ల అణువుల్లో యాభై, అటూ ఇటూగా. ఉత్తరార్ధగోళంలో ఎక్కువ, దక్షిణాన తక్కువ. పరిశ్రమలు లేని నడిసముద్రం మీద కూడా ఫ్రిజ్ గాలి.

ఆ తర్వాత ఆ వాక్యం వస్తుంది. ఈ పదార్థాలు గాలిలో ఉండటం వల్ల ఊహకందే ప్రమాదమేదీ లేదని రాశాడు లవ్‌లాక్. అక్కడితో ఆగలేదు. గాలులు, నీళ్ళు ఎటు కదులుతున్నాయో ఆనవాలు పట్టడానికి ఇవి పనికొస్తాయి, వీటి మీద ఆసక్తి అందుకే అన్న భావంతో వాక్యాన్ని పూర్తి చేశాడు.

సైన్సు చరిత్ర రాసేవాళ్ళకి ఈ వాక్యం ఇష్టమైన శిక్షాపాత్ర. నిజమే, ఏడాదిన్నర తిరక్కుండానే తప్పని తేలింది. లవ్‌లాక్ కొలతల సంగతి తెలిసి, ఇంత పదార్థం చివరికి ఎక్కడికి పోతుంది అని ఆలోచించడం మొదలెట్టాడు షెర్‌వుడ్ రోలాండ్. ఆయన, మారియో మొలీనా కలిసి 1974 జూన్‌లో అదే పత్రికలో జవాబు రాశారు. కింది గాలిలో వీటిని విరగ్గొట్టేది ఏదీ లేదు, వాన కడగదు, ఎండ విరవదు. మెల్లగా పైకి చేరాక అక్కడి తీవ్రమైన అతినీలలోహిత కిరణాలకి విరిగి క్లోరిన్ పరమాణువుని విడుదల చేస్తాయి, అది ఓజోన్‌ని నాశనం చేస్తుంది. 1987లో మాంట్రియల్ ఒప్పందం, 1995లో నోబెల్. తర్వాత రోజుల్లో లవ్‌లాక్ కూడా ఆ వాక్యం తన పొరపాటేనని ఒప్పుకున్నాడు. మనుషులకి విషం కాదు అన్న అర్థంలో రాశానని చెప్పుకున్నాడు.

విమర్శకురాలిగా నాకు కొంచెం వేరేగా కనబడుతుందిది. ఆ వాక్యంలో ప్రధానమైన మాట ప్రమాదం కాదు, ఊహ. కొలతలో ఎక్కడా తప్పు లేదు. ఆ కొలతే లేకపోతే రోలాండ్ లేడు. తన ఊహ ఎంతవరకు వెళ్ళిందో అదే లోకానికి హద్దు అనుకోవడంలో ఉంది తప్పు. మన సాహిత్య విమర్శలో రోజూ చేసే పనే. ‘ఇంతకు మించి ఈ కథలో ఏమీ లేదు’ అని నేనే ఎన్ని సమీక్షల్లో రాశానో లెక్కలేదు.

సరే, ఈ దారి అందరికీ తెలిసిందే. రెండో దారి గురించి చెప్పాలనే ఇదంతా మొదలుపెట్టాను.

అదే మూడు పేజీల్లో మిథైల్ అయోడైడ్ అనే ఇంకో పదార్థం ఉంది. దీన్ని ఏ ఫ్యాక్టరీ అంతగా వదలడం లేదు. సముద్రంలోనే పుడుతోంది. గాలిలోకి లేచిన కొద్ది రోజుల్లోనే ఎండకి విరిగిపోతుంది. అంటే సీఎఫ్‌సీకి పూర్తిగా వ్యతిరేక స్వభావం. అది కింద ఏ పనీ చెయ్యకుండా పైకి పోయే బాపతు, ఇది కిందే పని ముగించుకునే బాపతు. దీని గురించి రాసేటప్పుడు లవ్‌లాక్ గొంతు మారుతుంది. నేల మీది జీవులకి అయోడిన్ కావాలి, అయోడిన్ ఉన్నది సముద్రంలో, మరి అది నేలకెలా వస్తోంది? ఈ అణువే మోసుకొస్తోందేమో అంటాడు. సీఎఫ్‌సీ దగ్గర తీర్పు చెప్పి మూసేసిన మనిషి ఇక్కడ ప్రశ్న వేసి తలుపు తెరిచి పెట్టాడు. ఒకే చెయ్యి, ఒకే ఓడ, కొద్ది పేరాల తేడా.

ఈ అయోడిన్ ప్రయాణం మనకి దూరపు సంగతేమీ కాదు. హిమాలయాల పాదాల దగ్గర నేలల్లో అయోడిన్ కొట్టుకుపోయి తరాలుగా గొంతు వాపుతో బతికిన జనం ఉన్నారు. కాంగ్రా లోయలో 1956లో మొదలైన అయోడిన్ ఉప్పు ప్రయోగాన్ని నడిపించినవారు వులిమిరి రామలింగస్వామి. శ్రీకాకుళంలో పుట్టి, విశాఖ ఆంధ్రా మెడికల్ కాలేజీలో చదివారు. సముద్రం పక్కన పెరిగిన మనిషి, సముద్రం అందనిచోటికి దాని ముక్కని ఉప్పులో కలిపి పంపించడం నాకెందుకో బాగా నచ్చింది. వ్యాసంలో ఇది ఇమడదని తెలుసు. అయినా తీసెయ్యబుద్ధి కాలేదు.

అయోడిన్ పరమాణువు ఎండలో విడుదలైందంటే అది ఊరికే వానలో కలిసి నేలకి దిగుతుందా, లేక దారిలో ఏమైనా చేస్తుందా? కింది గాలిలోనూ ఓజోన్ ఉంటుంది. ఇక్కడ అది గొడుగు కాదు. వాహనాల పొగ, ఎండ కలిసి పుట్టించే కాలుష్యం; ఊపిరితిత్తులకీ పంటలకీ చేటు, పైగా భూమిని వేడెక్కించే వాయువు. అయోడిన్ ఈ కింది ఓజోన్‌ని కూడా తినగలదని 1980లో కాగితం మీద లెక్కవేసి చూపించారు. ఐర్లండ్ తీరంలో మేస్ హెడ్ దగ్గర, ఓజోన్‌తో కలిసిన అయోడిన్ ఆక్సైడ్‌ని గాలిలో నిజంగా పట్టుకున్న ఫలితం 1999లో అచ్చయింది. తర్వాత 2008లో కేప్ వెర్డె దీవుల నుంచి ఇంకో పేపర్ వచ్చింది. ఉష్ణమండల అట్లాంటిక్ మీద ఓజోన్ నాశనం అప్పటి మోడళ్ళు చెప్పేదానికన్నా దాదాపు యాభై శాతం ఎక్కువగా ఉందని, ఆ తేడా బ్రోమిన్, అయోడిన్‌ల వల్లేనని చెప్పింది. ఒకటిన్నర రెట్లు తేడా అంటే చిన్నా చితకా సవరణ కాదు. లవ్‌లాక్ ఓడ దాటిన సముద్రం మీదే, ఆయన కొలిచిన మూలకమే, ముప్పై అయిదేళ్ళ తర్వాత.

ఇక్కడితో ఆపేస్తే ‘లవ్‌లాక్ రెండో వాక్యం నిజమైంది’ అని చక్కటి ముగింపు వచ్చేది. 2013లో వచ్చిన ఇంకో పేపర్ దాన్ని కూడా పాడుచేసింది. సముద్రం నుంచి లేచే అయోడిన్‌లో ఎక్కువ భాగాన్ని మోసేది మిథైల్ అయోడైడ్ లాంటి కార్బన్ అణువులు కాదట. గాలిలోని ఓజోన్ నీటి ఉపరితలం మీద వాలుతుంది. ఆ నీళ్ళలో కరిగి ఉన్న అయోడైడ్‌తో కలుస్తుంది. అప్పుడు అయోడిన్ వాయువు, హైపోఅయోడస్ ఆమ్లం పుట్టి గాలిలోకి లేస్తాయి. కేప్ వెర్డె దగ్గర కనిపించిన అయోడిన్ ఆక్సైడ్‌లో ముప్పాతిక వంతు దీనితోనే లెక్కకి వస్తుందని అంచనా వేశారు.

ఈ వాక్యం దగ్గర పుస్తకం మూసి కాసేపు బాల్కనీలో కూర్చున్నాను. ఎందుకంటే ఈ చర్య నాకు తెలుసు. మీకూ తెలుసు. బంగాళదుంప ముక్క మీద అయోడిన్ చుక్క వేస్తే నల్లబడుతుందని స్కూల్లో చూశాం కదా. 1839లో ఓజోన్‌ని గుర్తించి, ‘వాసన’ అన్న గ్రీకు మాట నుంచి దానికి పేరు పెట్టిన షోన్‌బైన్, గాలిలో దాన్ని పట్టుకోవడానికి వాడింది ఈ తమాషానే. గంజిలోనూ పొటాషియం అయోడైడ్‌లోనూ ముంచి ఆరబెట్టిన కాగితం ముక్క. గాలిలో ఓజోన్ ఉంటే అయోడైడ్ అయోడిన్‌గా మారుతుంది, గంజి నీలమవుతుంది. పందొమ్మిదో శతాబ్దం రెండో సగంలో యూరప్‌లో ఆ కాగితాలు వేలాడదీసి నీలిరంగు లెక్కపెట్టారు. ఆ కాగితం మీద ఏం జరిగిందో సముద్రం ఉపరితలం మీద ఎప్పటినుంచో అదే జరుగుతోంది, గంజి లేదంతే.

సముద్రపు గాలిలో ‘ఓజోన్ ఉంటుంది, ఆరోగ్యం’ అని ఒకప్పటి డాక్టర్లు రోగుల్ని తీరాలకి పంపేవారు. తీరంలో మనం పీల్చే ఆ వాసనలో పెద్ద వాటా డైమిథైల్ సల్ఫైడ్ అనే గంధకపు పదార్థానిది. అక్కడ ఓజోన్‌ని సముద్రం తింటూ ఉంటుంది కూడా.

ఇక ఉత్తర ధ్రువం సంగతి. కెనడాలో అలర్ట్ అనే చోటు ఉంది, దాదాపు భూమికి కొస. అక్కడ నెలల చీకటి తర్వాత వసంతంలో సూర్యుడు తొంగిచూడగానే నేలమట్టపు గాలిలో ఓజోన్ ఒక్కసారిగా మాయమవుతోందని గమనించారు. వంద కోట్లలో ముప్పై, నలభై ఉండాల్సింది కొన్ని గంటల్లో, మహా అయితే ఒకట్రెండు రోజుల్లో దాదాపు సున్నాకి పడిపోతుంది. 1988 నాటి పేపర్‌లో రెండు గీతలున్న బొమ్మ ఒకటి ఉంది. ఒకటి ఓజోన్, ఇంకోటి వడపోత కాగితానికి పట్టిన బ్రోమిన్. ఒకటి లేస్తే రెండోది పడుతుంది. అన్ని పేరాలు రాసినా ఆ బొమ్మ చెప్పినంత చెప్పలేవు. మంచు మీది సముద్రపు ఉప్పులోంచి వచ్చే బ్రోమిన్, ఒక్కటి ఇద్దరిని, ఇద్దరు నలుగురిని లేపినట్టు పెరుగుతుంది. శాస్త్రజ్ఞులు దీన్ని ‘బ్రోమిన్ విస్ఫోటనం’ అంటారు. ఈ పేరు మీద నాకు పేచీ ఉంది. చప్పుడు లేదు, మంట లేదు, తెల్లటి మంచు మీద లేత ఎండ తప్ప కంటికి ఇంకేమీ కనబడదు. పేరు మాత్రం బాంబుది. ఇదే సమయంలో గాలిలోని పాదరసం కూడా మాయమై మంచు మీదికి దిగుతోందని 1998లో బయటపడింది. ఆ సముద్రంలో చేపనీ సీలునీ తిని బతికే ఇన్యూట్ ప్రజలకి పాదరసం అసలైన కష్టం. విస్ఫోటనం అన్న మాట చూపునంతా ఓజోన్ మీదికి లాగి, మెల్లగా మంచులో దిగే ఈ విషాన్ని వెనక్కి నెట్టేసింది అనిపిస్తుంది నాకు.

క్లోరిన్ గురించి ఒక్క సంగతి చెప్తే నా రాక్షసుడి పని అయిపోతుంది. రాత్రిపూట నగరాల పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లు ఉప్పు కణాల మీద చేరి నైట్రిల్ క్లోరైడ్‌ని తయారుచేస్తాయి. తెల్లవారగానే అది విరిగి క్లోరిన్ పరమాణువు బయటికొస్తుంది. కలుషితమైన గాలిలో ఈ క్లోరిన్ ఓజోన్‌ని తినడానికి బదులు, అది పుట్టడానికి సాయపడుతుంది. ఇది తీరాలకే పరిమితమనుకున్నారు. అమెరికాలోని బౌల్డర్‌లో, సముద్రానికి వెయ్యి కిలోమీటర్లకి పైగా దూరంలో, అదే కనబడిందని 2010లో వెల్లడైంది. మన ఢిల్లీలో కథ ఇంకోలా ఉంది. ఐఐటీ మద్రాసు పరిశోధకులు 2021లో రాసిన పేపర్ ప్రకారం ప్లాస్టిక్ చెత్త తగలబెట్టడం నుంచి, పరిశ్రమల నుంచి వచ్చే హైడ్రోక్లోరిక్ ఆమ్లం గాలిలోని అమ్మోనియాతో కలిసి, కణాల్లో చేరి, నీటిని పీల్చుకుని ఉబ్బుతుంది. చలికాలం ఢిల్లీలో ఎదుటి మనిషి కనబడకపోవడంలో సగం వాటా ఈ క్లోరైడ్‌దే అంటారు వాళ్ళు. పైన ఓజోన్‌ని తినేది, బౌల్డర్‌లో ఓజోన్‌ని పెంచేది, ఢిల్లీలో పొగమంచుని చిక్కబరిచేది ఒకటే మూలకం. ఎక్కడుంది, పక్కన ఎవరున్నారు, పగలా రాత్రా అన్నదాన్ని బట్టి నడవడిక మారిపోతుంది. నేనేమో దానికి కోరలు పెట్టి బొమ్మ వేయించాను.

గొడుగు ఉపమానం అబద్ధం కాదు. అది లేకపోతే మాంట్రియల్ ఒప్పందం వెనక జనం మద్దతు అంత తేలిగ్గా కూడేది కాదేమో. కానీ గొడుగు పట్టుకున్నవాడు పైకే చూస్తాడు. తెలుగులో సైన్సు రాసే మేము యాభై ఏళ్ళుగా పైకే చూపిస్తున్నాం. కింద జరిగేదాన్ని చెప్పాలంటే మాకు అలవాటైన దేవాసుర యుద్ధం పనికిరాదు. ఇందులో పక్షాలు నిలకడగా ఉండవు. అందుకే ఆ దారి ఎవరి నోట్లోనూ నానలేదు.

నాకు ఇంకో ప్రలోభం కూడా కలిగింది, అది చెప్పకపోతే నిజాయితీ కాదు. ఆల్ప్స్‌లోనూ గ్రీన్‌లాండ్‌లోనూ తవ్వితీసిన పాత మంచులో, 1950 తర్వాత అయోడిన్ దాదాపు మూడింతలైనట్టు 2018లో రెండు బృందాలు ప్రకటించాయి. మన వాహనాల వల్ల పెరిగిన ఓజోన్ సముద్రం మీద వాలి, ఎక్కువ అయోడిన్‌ని లేపింది. ఆ అయోడిన్ మళ్ళీ ఓజోన్‌ని తింటోంది. వెంటనే నా బుర్రలో ‘తల్లిలాంటి సముద్రం మన మురికిని కడుగుతోంది’ అని వాక్యం తయారైపోయింది. ప్రూఫు మార్జిన్‌లో రాశాను కూడా. మర్నాడు కొట్టేశాను. సముద్రం నడిమధ్యన ఓజోన్ తగ్గినంత మాత్రాన హైదరాబాదులో సిగ్నల్ దగ్గర నిలబడ్డ ట్రాఫిక్ కానిస్టేబుల్ ఊపిరి బాగుపడదు. పైగా ఆ చర్యకి ఎవరి మీదా ప్రేమ లేదు. రాక్షసుణ్ణి తీసేసి ఆ కుర్చీలో అమ్మని కూర్చోబెడుతున్నానంతే. లవ్‌లాక్ కూడా భూమికి గాయా అనే గ్రీకు దేవత పేరు పెట్టుకున్నవాడే, ఆ పేరు వల్ల చాలా తిట్లు తిన్నవాడే. ఈ మూడు పేజీల్లో మాత్రం దేవతలెవరూ లేరు. అందుకే వాటినే మళ్ళీ మళ్ళీ చదువుతున్నాను.

వ్యాసం తిరగరాసి పంపాను. పాతదానికన్నా రెండు పేజీలు పెరిగింది. అందులో సగం ‘ఇక్కడైతే ఇలా, అక్కడైతే అలా’ అనే వాక్యాలే. అక్క కూతురు చదివి, “పరీక్షలో రాయడానికి మాత్రం పాతదే బావుంది పిన్నీ” అంది. బొమ్మలు వేసే కుర్రాడు ఫోన్ చేశాడు. “గొడుగు వద్దంటున్నారు, కోరల క్లోరిన్ వద్దంటున్నారు. మరేం వెయ్యమంటారు మేడమ్?” అన్నాడు. షోన్‌బైన్ కాగితం వెయ్యమన్నాను. తెల్ల చీటీ బొమ్మ ఎవరు చూస్తారండీ అన్నాడు. సగం నీలం చెయ్యమన్నాను. ఇంకా పంపలేదు.